పేరు లేని పొట్లం

"ఈసారి సెలవులకు ముందు జరిగే వేడుకలో సీక్రెట్ సాంటా ఆట పెడదామనుకుంటున్నామండి. మీ ఆఫీసులో పెట్టారట గదా! ఎలా చెయ్యాలో మన సంచికకు నాలుగు ముక్కలు రాసి పెట్టండి" అని విద్యార్థి సంఘం వారు అడిగారు. పాత విద్యార్థిని గనుక కాదనలేకపోయాను. తీరా రాయబోతే, నాలుగు ముక్కల్లో తేలే వ్యవహారం కాదని తెలిసింది. చీటీలు చుట్టడం, రంగు కాగితాలు కట్టడం ఎవరైనా చేస్తారు. అసలు సంగతి మరొకటి వుంది. అది నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఆ తప్పు మీరు చెయ్యకూడదనే యీ వ్యాసం.

ఆట తెలియని వారి కోసం ఒక మాట. అందరి పేర్లూ చీటీల మీద రాసి డబ్బాలో వేస్తారు. తలా ఒక చీటీ తీస్తారు. ఎవరి పేరు వస్తే వారికి ఒక చిన్న కానుక కొని, ఇచ్చినవారి పేరు రాయకుండా, అనుకున్న రోజున తెచ్చి గుట్టలో పెట్టాలి. కొన్ని హాస్టళ్లలో దీన్నే 'క్రిస్‌మా, క్రిస్‌చైల్డ్' అని కూడా ఆడతారు. ఆట ఇంతే. దీనిలో కష్టమేముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

మాది అమలాపురంలో ఒక ఆఫీసు. పేరెందుకు లెండి. పెద్దా చిన్నా అంతా కలిపి 24 మందిమి. 2021 డిసెంబరులో మొదటిసారి యీ ఆట నేనే తలకెత్తుకున్నాను. ధర ఇంతని పెట్టలేదు. "ఎవరికి తోచింది వారు తెచ్చుకోండి, మనలో మనకేమిటి!" అన్నాను. యీ 'మనలో మనకేమిటి' అన్న మాట ఎంత ప్రమాదమైనదో తరువాత గాని తెలియలేదు. మా అటెండరు గారికి ఆఫీసరు గారి పేరు వచ్చింది. ఆయన 900 రూపాయలు పెట్టి చొక్కా గుడ్డ తెచ్చారు. "పెద్దాయనకి తక్కువదెలా ఇస్తామండీ, బాగోదండీ" అన్నారు తరువాత నాతో. ఆయనకు మాత్రం ఎవరో ఒక స్టీలు డబ్బా ఇచ్చారు. నలుగురి ముందూ వేదిక మీద విప్పించాం గదా, మూత మీద చెక్కిన అక్షరాలు కూడా పైకి చదివించాం: ఫలానా చిరంజీవి ఓణీల ఫంక్షన్ శుభసందర్భంగా! ఎవరి ఇంట్లోనో అటక మీద పడివున్నది దులిపి పట్టుకొచ్చారన్నమాట. హాలంతా ఘొల్లున నవ్వింది. ఆయనా నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు ఎప్పటిలాగే టీ తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఆ టీ నాకు గొంతు దిగలేదు.

ఆ రాత్రి మా వంటింట్లో గిన్నెలు చూశాను. పళ్లాల మీద పేర్లు, చెంబుల మీద పేర్లు, గరిటె కాడ మీద కూడా పేర్లే. ఇచ్చినవారి పేరు చెక్కకుండా మన ఇళ్లలోకి గిన్నె రావడం అరుదు. పెళ్లిలో చదివింపుల సంగతి మీకు తెలియనిది కాదు. ఒకాయన పుస్తకం, కలం పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంటాడు. ఎవరు ఎంత చదివించారో పద్దు పడుతుంది. మైకు వున్న చోట వూరందరికీ వినపడుతుంది. ఆ పుస్తకాన్ని పెట్టెలో దాచి, వారింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తీసి చూసుకుని, ఆ మొత్తానికి మరికొంత కలిపి తిరిగి చదివిస్తారు.

చదివింపుల్ని నేను వెక్కిరించడం లేదు సుమా! బ్యాంకు గడప తొక్కలేని రోజుల్లో, ఒక ఇంట్లో పెళ్లి వస్తే పదిమందీ తలో చెయ్యీ వేసి గట్టెక్కించిన ఏర్పాటు అది. వడ్డీ లేని చీటీపాట అనుకోవచ్చు. కాని ఆ పుస్తకం మనకొక అలవాటు చేసింది. ఇచ్చేటప్పుడే పుచ్చుకునేది లెక్క కట్టడం. పుచ్చుకునేటప్పుడే బరువు మోస్తున్నట్టు వుండడం. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథంలో యీ సంగతే చెప్పాడు. కానుక స్వేచ్ఛగా ఇచ్చినట్టు కనపడుతుంది గాని, దాని వెనుక మూడు కట్టుబాట్లు వుంటాయట: ఇవ్వక తప్పదు, పుచ్చుకోక తప్పదు, తిరిగి ఇవ్వక తప్పదు. ఆ గ్రంథంలో ఒక భాగం మన మహాభారతంలోని అనుశాసన పర్వాన్ని ఆధారం చేసుకుని రాసిందే. అంటే యీ పద్దు మన పెళ్లిపందిరికే పరిమితమైంది కాదు, లోకమంతా వున్నదే.

మా అటెండరు గారి చేత 900 రూపాయలు ఖర్చు పెట్టించింది యీ పద్దే. పేరు బయటపడుతుందని తెలుసు గనుక, పెద్దవాడికి తగినట్టు ఇవ్వాలనుకున్నారు. ఆయనకు అటక మీది డబ్బా వచ్చిందీ యీ పద్దు వల్లనే. చిన్నవాడే గదా, తిరిగి లెక్క అడగడులే అనుకున్నారు. ఆట పేరుతో నేను చేసిందల్లా ఆఫీసులో వున్న హెచ్చుతగ్గులను మైకు పెట్టి చదివించడం!

ఆట మానేద్దామా అనుకున్నాను. ఒకాయన దొరికిందే సందు అన్నట్టు, "నేను ముందే చెప్పానండీ, ఇది మన ఆట కాదు, వాళ్ల పండగ ఆట" అన్నాడు. అక్కడ నాకు పట్టుదల వచ్చింది. ఎవరి ఆట ఇది? చూద్దాం.

నాలుగో శతాబ్దంలో, నేడు టర్కీ దేశంలో వున్న మైరా పట్టణంలో నికొలస్ అనే బిషప్పు వుండేవాడు. శాంటా క్లాజుకు మూలపురుషుడు ఆయనే. ఆయన గురించి ఒక కథ చెబుతారు. చితికిపోయిన ఒక సంసారి ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. కట్నం ఇచ్చుకోలేక పెళ్లిళ్లు ఆగిపోయాయి. నికొలస్ రాత్రిపూట ఎవరూ చూడకుండా వెళ్లి, బంగారం మూటను కిటికీలోంచి లోపలికి విసిరి వచ్చాడట. కట్నం బాధ మనకు తెలియనిదా! ఇక్కడ గమనించవలసింది బంగారం కాదు, చీకటి. పగలు వెళ్లి నలుగురిలో ఇస్తే ఆ తండ్రి తల దించుకోవాలి. ఆ తల దించకుండా చెయ్యడానికే ఆయన పేరు దాచుకున్నాడు.

ఇదే మనలో గుప్తదానం. గుమ్మడికాయలో నాణెం దాచి దానమిచ్చేవారని పెద్దలు చెబుతారు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియరాదని బైబిలు అంటుంది. బాహాటంగా ఇచ్చే దానం మంచిదే గాని, దాచి బీదలకు ఇచ్చేది ఇంకా మేలని ఖురాను చెబుతుంది. గుడీ, చర్చీ, మసీదూ ముక్తకంఠంతో చెప్పిన మాటను 'వాళ్లది, వీళ్లది' అని పంచుకోవడం దేనికి?

అయితే దానానికీ యీ ఆటకూ ఒక తేడా వుంది. దానంలో ఇచ్చేవాడు ఒకడు, పుచ్చుకునేవాడు వేరొకడు. ఆటలో ప్రతివాడూ ఇస్తాడు, ప్రతివాడూ పుచ్చుకుంటాడు. దీనికి దగ్గరిది మన ఆడవాళ్ల వాయనం. ఇవాళ ఈమె ఇస్తుంది, ఆమె పుచ్చుకుంటుంది. రేపు ఆమె ఇస్తుంది. అట్లతద్దికి పదకొండు అట్లంటే ఏ ఇంట్లోనైనా పదకొండే. జమీందారు గారింట్లో వంద కావు. కొలత ముందే కట్టేశారు గనుక పోటీకి తావు లేదు. ఎంత తెలివైన ఏర్పాటు! కాని దానిలోనూ ఒక పెద్ద లోపం వుంది. భర్త పోయిన స్త్రీకి ఆ పీట మీద చోటు లేదు. వీరేశలింగం పంతులు గారు రాజమండ్రిలో 1881లోనే వితంతు వివాహం జరిపించినా, పేరంటం పిలుపు మాత్రం ఆ గడప దగ్గరే ఆగిపోతుంది. చీటీల డబ్బాకు యీ పట్టింపు లేదు. కొలతను వాయనం దగ్గర నేర్చుకుని, గుట్టును గుప్తదానం దగ్గర నేర్చుకుంటే మన ఆట మనకు తయారవుతుందని నాకు తోచింది.

ఇంతలో 2022 వచ్చింది. ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లా పేరు విషయమై మే 24న అమలాపురంలో జరిగిన ఆందోళన హింసగా మారింది. ఇళ్లు తగలబడ్డాయి, బస్సులు తగలబడ్డాయి. కొన్నాళ్లు ఇంటర్నెట్టు ఆపేశారు. ఎవరిది తప్పో తేల్చడానికి నేను కూర్చోలేదు. మా ఆఫీసులో ఏం జరిగిందో మాత్రం చెప్పగలను. కేకలు లేవు, దెబ్బలాటలు లేవు. భోజనాల బల్ల రెండయింది, అంతే. ఎవరూ ఎవర్నీ పొమ్మనలేదు. ఒక రోజు చూసేసరికి కొందరు ఇటు, కొందరు అటు. పదేళ్లు ఒకే స్కూటరు మీద అంబాజీపేట నుంచి వచ్చిన ఇద్దరు, వేరు వేరుగా వస్తున్నారు. పలకరింపులు ఫైళ్లకే పరిమితమయ్యాయి.

డిసెంబరు వచ్చింది. "ఇప్పుడు ఆటలేంటండీ బాబూ" అన్నారు కొందరు. ఇప్పుడే కావాలన్నాను నేను. కాని యీసారి రంగు కాగితాల గురించి కాదు, నియమాల గురించి ఆలోచించాను. ధర 200 రూపాయలు, మించకూడదు. తినేవి గాని, చేత్తో చేసినవి గాని అయితే ఎంత తక్కువైనా సరే. అందరూ పాత వార్తాపత్రికలోనే చుట్టి పురికొసతో కట్టాలి. పేరు చెక్కిన వస్తువు పనికిరాదు. ఒకరొకర్నీ వేదిక మీదకు పిలవడం లేదు. అందరూ ఒక్కసారే విప్పుకోవాలి. ఆఖరిది ముఖ్యం: ఇచ్చిందెవరో ఆ రోజూ చెప్పకూడదు, ఆ తరువాతా చెప్పకూడదు. అటెండరు గారు మొదట రానన్నారు. "మళ్లీ అయ్యగారి పేరొస్తే నావల్ల కాదండీ" అన్నారు. "200 దాటితే మీ పొట్లం నేను తీసుకోనండీ" అన్నాను. నవ్వి, వస్తానన్నారు.

ఇక చీటీలు. మొదటిసారి తీస్తే ఒకాయనకు తన పేరే వచ్చింది. మళ్లీ కలిపి తీస్తే ఇంకొకావిడకు అదే గతి. మూడోసారీ అంతే. "శకునం బాగోలేదండీ" అన్నారెవరో. మన కళాశాలలోనే లెక్కలు చెప్పే మిత్రుణ్ణి అడిగితే పకపకా నవ్వాడు. ఎవరికీ తన పేరు రాకుండా వుండే అవకాశం నూటికి 37 మాత్రమేనట! నలుగురు ఆడితే చీటీలు 24 రకాలుగా పడతాయి. వాటిలో ఎవరి పేరు వారికి రానివి 9 మాత్రమే. అయిదుగురైతే 120లో 44. అక్కడి నుంచి మనుషులు ఎంత పెరిగినా ఆ 37 అటూ ఇటూ కదలదు. 1708లో మోన్‌మోర్ అనే ఫ్రెంచివాడు పేకముక్కల ఆట గురించి యీ లెక్కను లేవనెత్తాడట. కనుక మూడుసార్లు తీస్తే దాదాపు రెండుసార్లు ఎవరికో ఒకరికి తన పేరు రావడమే సహజం. శకునమూ కాదు, మరొకటీ కాదు.

మిత్రుడే ఉపాయమూ చెప్పాడు. 24 కాగితాలు తీసుకుని, ఒక్కొక్క కాగితం మీద పై సగంలోనూ కింది సగంలోనూ ఒకే సంఖ్య వెయ్యాలి. సంఖ్యలు కనపడకుండా బోర్లించి బాగా కలిపి, వరసగా పేర్చి, మధ్యకు కత్తిరించాలి. పై సగాలను కదపకుండా, కింది సగాలను మాత్రం ఒక్కొక్క స్థానం పక్కకు జరపాలి. చివరిది మొదటిదాని కిందకు వస్తుంది. అలా వచ్చిన జతలను తలా ఒక కవరులో పెట్టి, కవర్లు మళ్లీ కలిపి పంచాలి. పై సగం మీద వున్నది మీ సంఖ్య. కింది సగం మీద వున్నది మీరు ఇవ్వవలసినవారి సంఖ్య. గోడ మీద ఒక పట్టిక పెడితే, ఎవరి సంఖ్య ఎదురుగా వారు పేరు రాసుకుంటారు. దాన్ని చూసి ఎవరికి ఇవ్వాలో మీకు తెలుస్తుంది. మీకెవరు ఇస్తారో మాత్రం ఎవరికీ తెలియదు, నిర్వాహకుడితో సహా. తన పేరు తనకు రానే రాదు. నలుగురున్నా చాలు, ఇది పని చేస్తుంది.

సంక్రాంతి సెలవులకు ముందురోజు పొట్లాలు విప్పారు. ఆత్రేయపురం పూతరేకులు వచ్చాయి, బండారులంక తువ్వాలు వచ్చింది, మొక్క వచ్చింది, ఎవరో చదివి అట్ట వేసిన పుస్తకం వచ్చింది. అన్నీ పత్రిక కాగితాలే గనుక ఏది ఎవరి తాహతో చెప్పడానికి వీల్లేదు. ఇందాక చెప్పిన స్కూటరు మిత్రులిద్దరిలో పెద్దాయన కళ్లజోడు ఎప్పుడూ చొక్కా జేబులో వట్టిగా పెట్టుకుంటారు, గీతలు పడి వుంటుంది. ఆయనకు ఒక కళ్లజోడు పెట్టె వచ్చింది. ఖరీదైనది కాదు. కాని ఎవరో ఆయన జేబు వంక చూశారు, ఆలోచించారు. ఆయన పెట్టె పట్టుకుని బల్ల బల్లకూ తిరిగారు. "మీరేనా అండీ?" "అబ్బే, నేను కాదండీ." రెండో భోజనాల బల్ల దగ్గరా అడిగారు. అడుగుతూ అడుగుతూ, ఏడునెలలుగా మాట్లాడని మనిషి ముందుకు వచ్చేశారు. ఒక్క క్షణం ఆగారు. "తమరేనా అండీ?" అన్నారు. "ఆయ్, నేను కాదండి. అయినా మంచి పని చేశారండి ఎవరో" అన్నాడాయన.

అంతటితో గోదారి ఎదురు పారిందని నేను చెప్పను. మర్నాడు వారు ఒకే స్కూటరు మీద రాలేదు. బల్లలు రెండే వున్నాయి. కాని ఎవరిచ్చారో తెలియనప్పుడు మామూలుగా అందరి మీదా అనుమానం కలగాలి. ఆయనకు అందరి మీదా అభిమానం కలిగింది. ఇచ్చింది మనవాడో, పరవాడో తెలియకపోతే ఆ కృతజ్ఞతను ఒకవైపు దాచుకోవడం కుదరదు గదా! పేరు చెప్పివుంటే ఆ కృతజ్ఞత ఒకరికే చేరేది, పద్దు కూడా పడేది. ఆ ఇచ్చిందెవరో నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలుసుకోదలచుకోలేదు.

దీనికి మీరు అనబోయే మాటలు నాకు తెలుసు. ఆర్థికశాస్త్రం చదివేవారు వాల్డ్‌ఫోగెల్ పేరు ఎత్తుతారు. అమెరికాలో 1993లో ఆయన విద్యార్థుల్ని అడిగి లెక్క కట్టాడు: పండుగ కానుకల ఖరీదులో పదోవంతు నుంచి మూడోవంతు దాకా వృథాయే, పుచ్చుకున్నవాడు దానికి అంత విలువ కట్టడని. సరే, ఒప్పుకుందాం. 200 రూపాయల్లో 20 నుంచి 66 దాకా పోతుంది. ఆ 66 రూపాయలకు మనకు వస్తున్నదేమిటి? రెండువారాల పాటు, మామూలుగా తలవని ఒక మనిషిని తలుచుకోవలసి వస్తుంది. ఇతనికేమి ఇష్టం, ఏమి లేదు అని చూడవలసి వస్తుంది. ఇంత చవకగా అది మరెక్కడ దొరుకుతుంది?

రెండో మాట: "చివర్లో పేరు చెబితేనే గదండీ మజా!" నిజమే, మజా వుంది. కాని ఆ మజా ఖరీదు ఎవరు చెల్లిస్తారో చూడండి. మన తరగతుల్లో కొబ్బరి దింపే కార్మికుల పిల్లలున్నారు. కువైట్‌లో ఇంటిపని చేసి తల్లి పంపే డబ్బుతో ఫీజు కట్టేవారున్నారు. కారులో వచ్చేవారూ వున్నారు. పేరు విప్పగానే కళ్లన్నీ కానుక మీద నుంచి ఇచ్చినవాడి చొక్కా మీదకు పోతాయి. పదిమంది మజా కోసం ఒక్కడు రాత్రి నిద్రపోకపోతే ఆ ఆట నాకొద్దు. పేర్లు ఊహించుకోండి, పందేలు కాసుకోండి. విప్పకండి.

కనుక సంఘం వారికి నా మనవి ఇది. ధరకు కప్పు వెయ్యండి. మీకు నా 200 కూడా ఎక్కువే, 50 చాలు. రాననేవారిని కారణం అడగకండి. ప్రిన్సిపాలు గారి దగ్గర నుంచి గంట కొట్టే ఆయన దాకా, వూడ్చే ఆమె దాకా పిలవండి. పిలిచినవారిని వేరు డబ్బాలో వెయ్యకండి. సంఘం సొమ్ముతో ఒక డజను నోటుపుస్తకాలు, కలాలు కొని లైబ్రరీ మూల ఒక పెట్టెలో పెట్టండి. ఆ రోజుకు ఏమీ కొనలేకపోయినవారు ఎవరికీ చెప్పకుండా అక్కడినుంచి ఒకటి తీసుకుని చుట్టుకుంటారు. పెట్టె దగ్గర మనిషిని మాత్రం కాపలా పెట్టకండి.

కనుమనాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు వారు తమ ప్రభను ఎత్తుకుని కౌశిక దాటి, పచ్చని చేల మీదుగా నడిచి వస్తారు. చేను తొక్కినందుకు రైతు పద్దు రాసుకోడు, ఎవరి కాలి గుర్తు ఏదని వెతకడు. 2023లో మన ప్రభల తీర్థం శకటమై ఢిల్లీ రిపబ్లిక్ పరేడులో వెళ్లినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. పద్దు రాసుకోని ఆ బుద్ధి మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. చదివింపుల పుస్తకం పెళ్లిపందిట్లో వుంచి, కళాశాల హాలులోకి మాత్రం తీసుకురాకుండా వుంటే చాలు.

చీటీలు చుట్టండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. నాకూ ఒక సంఖ్య వేసి వుంచండి. పాత పత్రికలో చుట్టి తెస్తాను. ఎవరు తెచ్చారని మాత్రం అడక్కండి.